తప్పులో ఎవరి వాటా ఎంత? కారు ప్రమాదాలు, పరిహారంపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. కారు ప్రమాదం జరగ్గానే రోడ్డు మీద మొదట వినిపించేది ‘తప్పు నీదంటే నీది’ అన్న గొడవే. ఆ గొడవ బీమా కంపెనీ దాకా, కోర్టు దాకా వెళ్లాక ఎలా తేలుతుంది, దెబ్బలు తగిలినవాళ్ల చేతికి డబ్బు ఎలా వస్తుంది అన్నది ఈరోజు మాట్లాడుకుందాం. స్టూడియోలో ముగ్గురున్నారు: ప్రమాద కేసులు వాదించే న్యాయవాది, బండ్ల నష్టం అంచనా వేసే బీమా సర్వేయరుగా చాలాకాలం చేసిన పెద్దాయన, ఎముకల డాక్టరు గారు. ఒక ఉదాహరణ పెట్టుకుని మాట్లాడదాం. రాత్రి పూట, సిగ్నల్ లేని కూడలి. ఒక కారు మలుపు తిరుగుతోంది. ఎదురుగా ఇంకో కారు నేరుగా, వేగంగా వచ్చింది. రెండూ గుద్దుకున్నాయి. మలుపు తిరిగినాయన దిగి ‘సారీ అండీ, చూసుకోలేదు’ అన్నాడు. లాయరు గారూ, తప్పు ఒప్పేసుకున్నట్టేగా?

న్యాయవాది: అలా కాదండీ. ఆ మాటను అవతలివాళ్లు సాక్ష్యంగా వాడుకుంటారు, అది వేరే సంగతి. కెనడాలోని ఒంటారియోలో అయితే క్షమాపణ చెప్పినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదని 2009లో ఏకంగా చట్టమే చేశారు. ఎందుకంటే కంగారులో మనిషి ఏదో ఒకటి అనేస్తాడు. అవతలి కారు ఎంత వేగంతో వచ్చిందో, దానికి లైట్లు ఉన్నాయో లేదో అప్పటికి ఆయనకేం తెలుసు? అందుకే నా దగ్గరకొచ్చే వాళ్లకు చెబుతుంటాను: దెబ్బలు తగిలాయా అని అడగండి, అంబులెన్స్ పిలవండి, వివరాలు తీసుకోండి. తప్పెవరిదో అక్కడే తేల్చేయకండి.

వ్యాఖ్యాత: పోలీసులు కేసు పెట్టారు కదా, అందులో రాసిందే ఖాయం కాదా?

న్యాయవాది: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. క్రిమినల్ కేసు వేరు, పరిహారం కేసు వేరు. శిక్ష వేయాలంటే సందేహానికి తావు లేకుండా నిరూపించాలి. పరిహారానికి అంత అక్కర్లేదు, జరిగి ఉండే అవకాశం ఎటు ఎక్కువ ఉందో చూస్తారు. కాబట్టి క్రిమినల్ కేసు కొట్టేసినా డ్రైవరు పరిహారం బాధ్యత నుంచి తప్పించుకున్నట్టు కాదు.

వ్యాఖ్యాత: సర్వేయరు గారూ, మన కూడలికి వద్దాం. మీరు వెళ్తే ముందు ఏం చూస్తారు?

సర్వేయరు: లైట్లు చూస్తానమ్మా. మలుపు తిరిగినాయన ‘ఎదుటి కారుకు లైట్లే లేవు’ అంటాడు. వాళ్లు ‘ఉన్నాయి’ అంటారు. పాతరకం బల్బయితే అదే చెప్పేస్తుంది. వెలుగుతున్నప్పుడు లోపలి సన్నటి తీగ, అదే ఫిలమెంటు, వేడికి మెత్తబడి ఉంటుంది. గుద్దిన అదురుకు సాగిపోయి వంకర్లు తిరుగుతుంది. ఆర్పేసి ఉన్నదనుకోండి, సాగదు. తెగితే పుల్ల విరిగినట్టు శుభ్రంగా తెగుతుంది. వెలుగుతుండగానే గాజు పగిలిందంటే గాలి తగిలి ఫిలమెంటు మాడుతుంది, తెల్లటి పొడి పేరుకుంటుంది. భూతద్దం చాలు. ఇండికేటరు బల్బు కూడా అంతే, వేశాడో లేదో చెబుతుంది. ఇప్పుడొచ్చే ఎల్ఈడీ లైట్లలో ఫిలమెంటు ఉండదు, అక్కడ ఈ పద్ధతి పనికిరాదు.

వ్యాఖ్యాత: మరి వేగం సంగతి?

సర్వేయరు: పూర్వం టైరు గీతలు కొలిచి లెక్కగట్టేవాళ్లం. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకులొచ్చాక ఆ గీతలు సరిగా పడవు. కానీ చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోలు పెట్టెలోనే ఒక రికార్డరు ఉంటుంది. గుద్దడానికి ముందు సుమారు 5 సెకన్ల వేగం, బ్రేకు తొక్కాడా లేదా, బెల్టు పెట్టుకున్నాడా, అన్నీ దాచిపెడుతుంది. యూరోపియన్ యూనియన్‌లో 2024 జూలై నుంచి కొత్తగా అమ్మే ప్రతి కారులో అది ఉండాల్సిందే. నా బాధల్లా ఒకటేనమ్మా. జనం పొద్దున్నే బండిని షెడ్డులో పడేసి ‘తొందరగా చేసెయ్యండి’ అంటారు. మెకానిక్ పగిలిన లైటు చెత్తలో వేస్తాడు. దగ్గర్లోని సీసీ కెమెరా ఫుటేజీ మీద కొత్త రికార్డింగు పడిపోతుంది. ఆ తర్వాత ఎంత పెద్ద లాయరును పెట్టుకుని ఏం లాభం?

న్యాయవాది: నిజమండీ. ఆ ఫుటేజీ చెరపొద్దని మొదటి రోజే రాతపూర్వకంగా అడగాలి. నోటిమాటగా అడిగితే రేపు ‘మాకెవరూ చెప్పలేదే’ అంటారు.

వ్యాఖ్యాత: సరే, అన్నీ చూశారు. మలుపు తిరిగినాయన తప్పు 70 శాతం, వేగంగా వచ్చినాయన తప్పు 30 శాతం అని తేలిందనుకుందాం. ఇద్దరికీ దెబ్బలు తగిలాయి. ఎవరికెంత వస్తుంది?

న్యాయవాది: అది ప్రమాదం ఎక్కడ జరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. 1809లో ఇంగ్లండ్‌లో ఒక కేసు వచ్చింది. ఒకాయన ఇల్లు బాగుచేయించుకుంటూ రోడ్డుకు అడ్డంగా ఒక కర్ర పెట్టాడు. ఇంకొకాయన మునిమాపువేళ గుర్రం మీద దౌడు తీస్తూ వచ్చి దానికి తగిలి పడ్డాడు. కర్ర పెట్టడం తప్పే. కానీ నువ్వు నిదానంగా వస్తే కనబడేది కదా అని కోర్టు ఆయనకు పైసా ఇవ్వలేదు. దెబ్బ తగిలినవాడి తప్పు కాస్త ఉన్నా ఏమీ రాదన్నమాట. ఇంగ్లండ్ 1945లో చట్టం చేసి ఆ పద్ధతి వదిలేసింది. ఎవరి తప్పు ఎంతో అంతే కోత పడుతుంది. భారతదేశంలోనూ కోర్టులు ఇలాగే పంచుతాయి. కానీ అమెరికాలో అలబామా, మేరీలాండ్, నార్త్ కరోలినా, వర్జీనియా రాష్ట్రాల్లో పాత పద్ధతే ఇప్పటికీ ఉంది.

వ్యాఖ్యాత: అంటే మన 30 శాతం ఆయనకు?

న్యాయవాది: ఆ నాలుగు రాష్ట్రాల్లో ఏమీ రాకపోవచ్చు. ఇంగ్లండ్‌లో అయితే ఆయన నష్టంలో 70 శాతం వస్తుంది. ఇక 70 శాతం తప్పున్నాయన కాలిఫోర్నియాలో ఉంటే ఆయనకూ 30 శాతం వస్తుంది. సగానికి మించి తప్పుంటే ఏమీ ఇవ్వని రాష్ట్రాలూ అమెరికాలో చాలా ఉన్నాయి. అదే న్యూజిలాండ్‌లో అయితే 1974 నుంచి శరీరానికి తగిలిన దెబ్బల విషయంలో తప్పెవరిదన్న ప్రశ్నే లేదు. ఇద్దరి చికిత్సా, పోయిన జీతంలో ఎక్కువ భాగమూ ప్రభుత్వ పథకమే చూసుకుంటుంది. నన్నడిగితే అదే మానవత్వమున్న పద్ధతి.

సర్వేయరు: ఒక్క నిమిషం. తప్పు లెక్కే లేకపోతే అడ్డదిడ్డంగా నడిపేవాడికి భయమేం ఉంటుంది?

న్యాయవాది: వాడిని శిక్షించడానికి క్రిమినల్ చట్టం ఉంది కదండీ. కాలు విరిగినవాడి వైద్యం ఆగిపోకూడదు, నేననేది అంతే.

వ్యాఖ్యాత: సీటుబెల్టు పెట్టుకోకపోతే పరిహారం తగ్గుతుందంటారు. ప్రమాదానికీ బెల్టుకూ ఏం సంబంధం?

న్యాయవాది: ప్రమాదానికి లేదు, దెబ్బకు ఉంది. 1975లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు ఒక లెక్క ఇచ్చింది. బెల్టు ఉంటే ఆ గాయం అసలు అయ్యేదే కాదంటే 25 శాతం కోత. గాయం తగ్గి ఉండేదంటే 15 శాతం. ఉన్నా లేకపోయినా అదే గాయమంటే కోత లేదు. చాలా న్యాయమైన లెక్క అది.

వ్యాఖ్యాత: డాక్టరు గారూ, ఇందాకటి నుంచి మీరు ఏదో చెప్పాలనుకుంటున్నారు.

డాక్టరు: అవునండీ. మీరంతా బల్బు గురించి, కెమెరా గురించి చెప్పారు. ఒంటి మీది సాక్ష్యం గురించి ఎవరూ అనలేదు. ప్రమాదమైన రోజు చాలామంది ‘నాకేం కాలేదు’ అని ఇంటికెళ్లిపోతారు. మర్నాడో ఆ మర్నాడో మెడ పట్టేస్తుంది, తల తిప్పలేరు. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంటుంది, దెబ్బ తిన్నది కండరాలు, ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్లు. పది రోజులు ఓర్చుకుని మా దగ్గరకొస్తారు. అప్పటికి బీమా వాళ్లడుగుతారు, ‘ఈ నొప్పి ప్రమాదం వల్లే అని ఏంటి రుజువు?’ అని. అదే మొదటి రోజే చూపించుకుని, ప్రమాదం ఎలా జరిగిందో కేస్‌షీట్‌లో రాయించుకుంటే ఆ ప్రశ్నకు సమాధానం అందులోనే ఉంటుంది. ఇంకోటి, వైకల్యం సర్టిఫికెట్‌లో మేం రాసే శాతం చూసి అంత శాతమే డబ్బు వస్తుందనుకుంటారు.

న్యాయవాది: దాని మీద 2010లో భారత సుప్రీంకోర్టు మంచి తీర్పు ఇచ్చింది. ఎడమ చేయి పోతే వైకల్యం 60 శాతం దాకా ఉండొచ్చు. కానీ ఆ మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు నూటికి నూరు శాతం పోయినట్టే. అదే ప్రభుత్వ గుమాస్తా అయితే ఉద్యోగం నిలవొచ్చు. ఒళ్లు ఎంత దెబ్బతిందో ఒక లెక్క, బతుకుతెరువు ఎంత దెబ్బతిందో ఇంకో లెక్క. అందుకే మెడికల్ కాగితాలతో పాటు మీరు చేసే పనేంటో, దానికి ఆ చెయ్యి ఎంత అవసరమో చూపించే సాక్ష్యం పెట్టాలి.

వ్యాఖ్యాత: వెనక సీట్లో కూర్చున్నవాళ్ల పరిస్థితి ఏంటి? వాళ్లు బండి నడపలేదుగా.

న్యాయవాది: ఇద్దరు డ్రైవర్లదీ తప్పున్నప్పుడు, ప్రయాణికుడు ఇద్దరిలో ఎవరి దగ్గరైనా మొత్తం పరిహారం వసూలు చేసుకోవచ్చని 2015లో భారత సుప్రీంకోర్టు చెప్పింది. వాటాలు వాళ్లూ వాళ్లూ తర్వాత తేల్చుకుంటారు. నడుపుతున్నది బంధువే కదా అని మొహమాటపడి చాలామంది అడగరు. కట్టేది మామూలుగా ఆయన బీమా కంపెనీ అని వాళ్లకు తట్టదు.

వ్యాఖ్యాత: బీమా కంపెనీ వాళ్లు వారంలోనే వచ్చి ‘ఇదిగో చెక్కు, ఇక్కడ సంతకం పెట్టండి’ అంటే?

సర్వేయరు: బండి నష్టానికైతే తీసుకోండి. బండికి ఎంత నష్టమైందో లెక్క తేలిపోయింది కదా, ఆలస్యం చేస్తే మీకే ఇబ్బంది. కానీ ఆ కాగితంలో ‘ఇకపై ఏ క్లెయిమూ ఉండదు’ అన్న ముక్క ఉందేమో చూడండి. చాలాసార్లు ఉంటుంది. బండి క్లెయిమూ మనిషి క్లెయిమూ ఒకే సంతకంతో ముగించనివ్వకండి.

డాక్టరు: గాయం ఒక స్థాయికి కుదుటపడి, ఇంక ఇంతకంటే మెరుగుపడదని డాక్టరు చెప్పేదాకా ఆగాలి. మోకాలికి ఇంకో ఆపరేషను కావాలో వద్దో వారంలో మేమే చెప్పలేం.

వ్యాఖ్యాత: ఆగుతూ పోతే గడువు దాటిపోదా లాయరు గారూ?

న్యాయవాది: దాటొచ్చు. ఇంగ్లండ్‌లో శరీర గాయాల దావాకు మామూలుగా 3 ఏళ్లు ఇస్తారు. భారతదేశంలో మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో, ప్రమాద పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌లో దరఖాస్తుకు ప్రమాదం నాటి నుంచి 6 నెలల గడువు పెట్టారు. అది 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

వ్యాఖ్యాత: 6 నెలల్లో చికిత్సే పూర్తి కాకపోతే?

న్యాయవాది: కాకపోయినా దరఖాస్తు వేసేయాలండీ. కంపెనీ ఇచ్చిన రాజీ కాగితం మీద సంతకం వాయిదా వేయండి, దరఖాస్తును మాత్రం వాయిదా వేయకండి. తర్వాతి బిల్లులు, వైకల్యం సర్టిఫికెట్ విచారణ నడుస్తుండగా దాఖలు చేసుకోవచ్చు.