అలర్జీ తిరగబెట్టింది, చుట్టాలు నమ్మడం లేదు

[తెరపై: రెండు గిన్నెలు, మధ్యలో ఒక చెంచా]

ఈ చెంచా చూడండి. తళతళలాడుతోంది. కాసేపటి క్రితం ఇది వేరుశనగ పొడి ఉన్న గిన్నెలో ఉంది. ఎవరో దాన్ని గిన్నె అంచుకు రెండుసార్లు తట్టి, పక్క గిన్నెలో వేశారు. అలా వేసిన మనిషికి మా వాడంటే ప్రాణం. ఆ పక్క గిన్నెలోది నాలుగు ముద్దలు తిన్న పది నిమిషాలకు వాడి పెదవి ఉబ్బింది, మెడ మీద దద్దుర్లు లేచాయి.

గదిలో అందరికంటే ముందు వినిపించిన మాట: "నిరుడు మా ఇంట్లో తిన్నాడు కదా, అప్పుడేమీ కాలేదే!"

నిజమే, తిన్నాడు. రెండో ఏట వాడికి వేరుశనగ పడదని తేలింది. ఐదో ఏట ఆస్పత్రిలో డాక్టరు ఎదుట కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ తినిపిస్తే ఏమీ కాలేదు. పీడ వదిలిందనుకున్నాం. కానీ వాడికి ఆ రుచి నచ్చలేదు, నాకూ లోపల బెరుకు పోలేదు. చుట్టాల ఇంట్లో ఆ ఒక్కసారి తప్ప మళ్లీ దాని జోలికి పోలేదు. అసలు చిక్కు అక్కడే వచ్చిందని తర్వాత తెలిసింది.

[తెరపై: ఒక కణం బొమ్మ, దాని చుట్టూ చిన్న కొక్కేలు]

ఒంట్లో జరిగేది ఇది. రక్షణ వ్యవస్థ ఒక ఆహారంలోని ప్రోటీనును శత్రువుగా పొరబడి, ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. అవి మాస్ట్ కణాలనే ఒక రకం రక్షణ కణాల మీద కొక్కేల్లా తగులుకుని కాచుకుని ఉంటాయి. ఆ ప్రోటీను మళ్లీ వచ్చి తగిలితే, కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను ఒక్కసారిగా వదులుతాయి. దురద, వాపు, వాంతి, ఆయాసం అన్నీ వాటి పనే. సాధారణంగా నిమిషాల్లో, ఎక్కువలో ఎక్కువ రెండు గంటల్లోపు బయటపడతాయి.

పాలు, గుడ్డు అలర్జీలు చాలామంది పిల్లలకు వయసుతో పాటు తగ్గిపోతాయి. వేరుశనగ అంత సులువుగా వదలదు, సుమారు ఐదుగురిలో ఒకరికే తగ్గుతుంది. అలా తగ్గినవారిలోనూ కొందరికి తిరగబెడుతుంది. 2004లో అమెరికా వైద్యులు ప్రచురించిన ఒక అధ్యయనంలో ఇది దాదాపు 8 శాతం. గమనించాల్సింది ఏమిటంటే, తిరగబెట్టినవారు తగ్గిందని తేలాక కూడా దాన్ని తినకుండా, లేదా ఎప్పుడో ఒకసారి తింటూ గడిపినవాళ్లే. తరచూ తింటూ ఉంటే శరీరం ఆ చెలిమిని మరిచిపోదన్నమాట. అందుకే పరీక్షలో నెగ్గిన పిల్లలకు ఆ పదార్థాన్ని ఎంత, ఎన్నాళ్లకొకసారి పెట్టాలో డాక్టరును అడిగి రాయించుకోండి. మేము అడగలేదు.

అయితే "తిరిగి వచ్చింది" అనుకున్నవన్నీ తిరిగి వచ్చినవి కావు. గుడ్డు, పాలు పడని పిల్లల్లో చాలామంది పిండిలో కలిపి బాగా కాల్చిన రూపంలో వాటిని తినగలరు. ఎక్కువసేపు వేడి తగిలితే ఆ ప్రోటీన్ల ఆకారం మారిపోతుంది. అదే పిల్లవాడు సగం ఉడికిన గుడ్డు తింటే దద్దుర్లు వస్తాయి. చూసేవాళ్లకు "నిన్న పడింది, ఈరోజు పడలేదా?" అనిపిస్తుంది. జ్వరం, నిద్రలేమి, తిన్న వెంటనే పరుగులు కూడా ఒంటి ఓర్పును తగ్గిస్తాయి. పాలు తాగితే కడుపుబ్బరం మాత్రమే వచ్చే పిల్లల సంగతి మళ్లీ వేరు. అది చాలావరకు పాలలోని చక్కెర అరగకపోవడం, అలర్జీ కాదు.

[తెరపై: కథకురాలు కెమెరా వైపు]

ఇక చుట్టాల సంగతి. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నారు మా పెద్దత్తయ్యగారు. పిల్లవాడు ఆడుకుంటున్నాడు, నీకెందుకింత కంగారు అని ఆవిడ భావం. దురద గురించే మాట్లాడుతూ ఆ సామెత వాడడం చూసి, అంత కోపంలోనూ నవ్వొచ్చింది.

"మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా?" అన్నది రెండో మాట. అలర్జీ అన్న పేరును క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే వైద్యుడు పెట్టింది 1906లో. ప్రాణాంతకమైన అలర్జీ, అంటే అనాఫిలాక్సిస్ మీద చేసిన పనికి షార్ల్ రిషేకు నోబెల్ బహుమతి వచ్చింది 1913లో. ఈ వివరాలన్నీ ఏకరువు పెట్టాను. ఎవరూ మారలేదు. వాదనలో గెలిచాను, అంతే.

మూడో మాట కొంచెం గట్టిది: "కొద్దికొద్దిగా అలవాటు చేస్తే అదే సర్దుకుంటుంది." ఇందులో నిజం పాలు ఉంది, ఒప్పుకోవాలి. 2015లో వచ్చిన లీప్ అధ్యయనం, అలర్జీ ముప్పు ఎక్కువున్న పసిపిల్లలకు మొదటి ఏడాదిలోనే వేరుశనగ మొదలుపెడితే అలర్జీ రావడం బాగా తగ్గుతుందని చూపింది. కానీ అది రాకముందు చేసే పని. వచ్చాక చేసే చికిత్స కూడా ఉంది. మిల్లీగ్రాముల లెక్కన, వైద్యుల కళ్లెదుట మొదలుపెట్టి నెలల తరబడి సాగుతుంది. ఎవరూ చూడకుండా ఒక ముక్క నోట్లో పెట్టడం ఈ రెంటిలో ఏదీ కాదు.

నన్నడిగితే, చుట్టాలకు కావాల్సింది ఉపన్యాసం కాదు, ఒక పని. వాళ్లు కళ్లారా చూసింది పిల్లవాడు తిని, నవ్వుతూ లేచిపోవడం. దాన్ని అబద్ధమంటే ఎవరికి మాత్రం నచ్చుతుంది? అందుకే "మీరు చూసింది నిజమే, తర్వాత మారింది" అని మొదలుపెట్టాను. దద్దుర్లు లేచిన రోజు తీసిన ఫోటో చూపించాను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అడ్రినలిన్ అనే మందును తొడలోకి ఎక్కించే పెన్ను లాంటి ఇంజెక్షన్ ఒకటి ఉంటుంది. తర్వాత దాని నమూనా, సూది లేని అభ్యాస పెన్నును అత్తయ్యగారి చేతిలో పెట్టాను.

[తెరపై: అభ్యాస పెన్ను పట్టుకున్న పెద్దావిడ చెయ్యి, దగ్గరగా]

ఆవిడ దాన్ని కలం పట్టినట్టు పట్టుకున్నారు. పిడికిలి బిగించి పట్టుకోవాలని చూపించాను. తొడ బయటి వైపు, మధ్యలో, బట్టల మీదుగానే నొక్కిపెట్టాలి. టక్కుమన్న శబ్దానికి ఆవిడ ఉలిక్కిపడి నా వైపు చూశారు. "ఇది నిజంగా వాడాల్సి వస్తుందా?" అని అడిగారు. ఆ ఇంట్లో మొదటిసారి ఎవరో నన్ను ప్రశ్న అడిగారు, అంతకు ముందు అన్నీ తీర్పులే.

రావచ్చని చెప్పాను. గొంతు బొంగురుపోయినా, ఆయాసం, పిల్లికూతలు వచ్చినా, వాంతులు ఆగకపోయినా, పిల్లవాడు సోలిపోతున్నా ఆగి చూడకూడదు. వెంటనే అడ్రినలిన్ ఇవ్వాలి. దురద తగ్గించే మాత్ర ప్రాణం మీదికి వచ్చినప్పుడు సరిపోదు. పిల్లవాణ్ణి నడిపించకూడదు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి, ఆయాసంగా ఉంటే కాళ్లు చాపి కూర్చోబెట్టాలి. అంబులెన్సును పిలవాలి. తగ్గినట్టు కనిపించినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్లీ రావచ్చు.

మళ్లీ అందరం కలిసిన రోజున, వాడి కంచం ఆవిడకు అప్పగించాను. కంచం, గ్లాసు, చెంచా విడిగా పెట్టారు. నేను శానిటైజరుతో చేతులు తుడుచుకుని వాడికి వడ్డించబోతుంటే, ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఆపారు.

"దానితో వేరుశనగ పోదని నువ్వే చెప్పావు కదమ్మా. వెళ్లి సబ్బుతో కడుక్కురా."