బస్తా మీది మూడో అంకె

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా నల్గొండలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లో ఉన్న టీచరమ్మలకు, సార్లకు, వెనక నిలబడి వింటున్న తల్లిదండ్రులకు నమస్కారం. కుర్చీలు తక్కువ పడ్డట్టున్నాయి. ఎక్కువసేపు నిలబెట్టను.

ముందు మీకో చిన్న పరీక్ష. ఒక ముక్క చదువుతాను, వినండి. "గుడిమిలి చెట్టున మూడు జివ్వలు బుసికాయి. అవి బుసికినందుకు చెట్టు లోటకిల్లింది." జివ్వలు ఎన్ని? మూడు. ఎక్కడ బుసికాయి? గుడిమిలి చెట్టున. చెట్టు ఎందుకు లోటకిల్లింది? జివ్వలు బుసికినందుకు. చూశారా, అందరికీ మూడుకు మూడు మార్కులు. ఆ మాటలు నేను నిన్న రాత్రి అన్నం తిన్నాక కూర్చుని కల్పించినవి. వాటికి అర్థమే లేదు. మన యూనిట్ టెస్టుల్లో చాలా ప్రశ్నలకు జవాబు ఇట్లాగే వస్తుంది. ప్రశ్నలో ఉన్న మాటను పాఠంలో వెతికి, దాని పక్కనున్న మాటను ఎత్తి రాస్తే చాలు.

నేనూ ఏళ్లకేళ్లు అలాంటి ప్రశ్నలే ఇచ్చాను. సైన్సు సారును. మర్రిగూడ వైపు ఒక ఊళ్లో ఎనిమిదో తరగతికి ఫ్లోరైడ్ గురించి చెప్తున్నాను. కృష్ణా నీళ్లు ఇంకా నల్లాల్లోకి రాని రోజులు. "తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదు." క్లాసులో బాగా చదివే పిల్లవాడు ఈ వాక్యాన్ని గడగడా చదివాడు. ఉచ్చారణలో వంక పెట్టడానికి లేదు. "ఒక ఊరి నీళ్లలో 0.8 ఉంది. తాగొచ్చా?" అని అడిగాను. "తాగొద్దు సార్, తక్కువుంది కదా" అన్నాడు. వాళ్ల తాత ఆ ఫ్లోరైడ్ నీళ్లకే నడుము వంగిపోయి, కర్ర పట్టుకుని నడిచేవాడు. ఆ వాక్యం వాళ్లింటి సంగతే. అయినా వాడికి అది 1.5 అనే బిట్టు ప్రశ్నగానే తెలుసు, ఎందుకంటే నేను అంతకుముందు ఖాళీలు పూరించడానికి ఇచ్చింది అదే.

కథ చదవడం వేరు, సమాచారం చదవడం వేరు. కథలో ఒక మాట జారిపోయినా తర్వాత ఏమైందన్న ఆత్రం మనల్ని లాక్కెళ్తుంది. సమాచారంలో "మించరాదు", "లోపు", "కనీసం", "తప్ప" లాంటి చిన్న మాటల మీదే బరువంతా ఉంటుంది. పైగా మన తెలుగులో క్రియ చివర వస్తుంది. వాక్యమంతా చదివి చివరి రెండక్షరాల దగ్గర కునుకు తీస్తే అర్థం తలకిందులవుతుంది. అందుకే ఆ ఏడాది నుంచి పిల్లలతో ఒక పని చేయించాను. వాక్యం చదవగానే దాన్ని ఇంట్లో అమ్మకు చెప్పినట్టు చెప్పాలి. "మించరాదు" అన్న మాట వాడకూడదు. "ఒకటిన్నర దాకా పర్వాలేదు, దాటితే తాగొద్దమ్మా" అని ఎవరైనా అంటే, వాళ్లు చదివినట్టు.

ఇంకో రోజు బొమ్మ వేయించాను. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసేయడానికి మన జిల్లా పేరుతో నల్గొండ టెక్నిక్ అని ఒకటుంది, మీకు తెలుసు. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించింది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, కలియబెట్టి, తేటపడనిచ్చి, వడకట్టడం. నాలుగు వాక్యాలు ఇచ్చి, చదివి బొమ్మ గీయమన్నాను. సగం మంది బొమ్మల్లో ఫ్లోరైడ్ పైన తేలుతోంది! తేటపడడమంటే మడ్డి అడుక్కు దిగడమని వాళ్లకు ఇంట్లో తెలుసు, పుస్తకంలో తెలియదు. మాటలతో అడిగితే ఆ తప్పు నాకు ఎప్పటికీ కనిపించేది కాదు.

ఇక ఇంటి సరుకు. డీఏపీ ఎరువు బస్తా మీద ఏముంటుంది? 18-46-0. లోపలున్న పోషకాలు నూటికి ఎంతెంతో చెప్పే అంకెలు. ఏడో తరగతి పిల్లలకు ఖాళీ బస్తా చూపించి, 50 కిలోల్లో ఏది ఎంత ఉందో చెప్పమన్నాను. నత్రజని 9 కిలోలు, భాస్వరం 23 కిలోలు, లెక్కలు వచ్చినవాళ్లు చెప్పేశారు. వెనక బెంచీ పిల్లవాడు మాత్రం "సార్, ఏమీ లేనప్పుడు సున్నా ఎందుకు రాసిండ్రు?" అని అడిగాడు. లెక్క చేసినవాళ్ల కంటే నాకు వాడే బాగా చదివినట్టు అనిపించాడు. మూడో అంకె పొటాష్‌ది. పొటాష్ లేదని చెప్పడం కూడా సమాచారమే, దాన్ని వేరే కొనుక్కోవాలి కాబట్టి. ఆ బస్తా కోసం మా ఇంట్లో చిన్న గొడవ కూడా జరిగింది. దాంట్లో వడ్లు పోసుకోవడానికని మా ఆవిడ దాచుకుందట.

పురుగు మందు డబ్బా సంగతి దీనికన్నా ముఖ్యం. పత్తి చేన్లున్న ప్రతి ఇంట్లో ఉంటుంది. దాని మీద రంగు గుర్తు ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చల్లో ఒకటి ఉంటుంది. ఆకుపచ్చ ఉంటే ఏమని అర్థం అంటే, క్లాసు క్లాసంతా "ఏం కాదు సార్, మంచిదే" అన్నది. సిగ్నల్ లైటు అలవాటు. నిజానికి ఆ నాలుగూ విషం ఎంత తీవ్రమో చెప్పే మెట్లు. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. తక్కువ విషమంటే విషం లేదని కాదు. చదివేవాడికి ముందే తెలిసిన సంగతి ఒక్కోసారి దారి చూపిస్తుంది, ఒక్కోసారి ఇట్లా దారి తప్పిస్తుంది.

దారి చూపించడానికి ఒక ఉదాహరణ. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు 64 మంది పిల్లలతో బేస్‌బాల్ ఆట వర్ణన చదివించి, చెక్క బొమ్మలు కదుపుతూ ఆ ఆటను మళ్లీ చూపించమన్నారు. చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసినవాళ్లు, చదవడంలో ముందున్నా ఆట తెలియనివాళ్ల కంటే బాగా చూపించారు. మన దగ్గర బేస్‌బాల్ బదులు కబడ్డీ పెట్టండి, మీ క్లాసులో ఎవరు ముందుకొస్తారో మీకే తెలుసు. కాబట్టి చదవడం రావడం లేదని ఒక పిల్లను పక్కన కూర్చోబెట్టే ముందు, ఆ సంగతి ఆమెకు ఇదివరకు ఎవరైనా చెప్పారా అని చూడాలి.

పుస్తకాల తెలుగు కూడా ఒక అడ్డంకి, ఒప్పుకుందాం. "కిరణజన్య సంయోగక్రియ" అని పిల్లలు నిద్రలో లేపినా చెప్తారు. ఒకసారి దాన్ని విడదీశాను. కిరణాల వల్ల పుట్టేది, సంయోగం అంటే కలయిక. వెలుగు తగిలితే జరిగే కలయిక. వెంటనే ఒక పాప "ఏదేది కలుస్తది సార్?" అని అడిగింది. నీళ్లు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అన్న జవాబు పుస్తకంలో తర్వాతి వాక్యంలోనే ఉంది. రోజూ చదువుతున్న వాక్యమే. ఆ రోజు దాన్ని వెతుక్కుంటూ పోయి చదివారు.

గైడ్ల గురించి ఎక్కువ చెప్పను. పిల్ల అడగాల్సిన ప్రశ్నను, వెతకాల్సిన జవాబును రెండిటినీ అచ్చువేసి అమ్మే పుస్తకమది. నాకు నచ్చదు, అంతే.

చివరిగా ఒక సంగతి చెప్పి దిగిపోతాను. కరెంటు బిల్లు, మందుల చీటీ, గోడ మీది నోటీసు, ఏదైనా సరే చదివి, దాంట్లో ఉన్నదేంటో కాకుండా లేనిదేంటో రాసుకు రమ్మని తొమ్మిదో తరగతికి హోంవర్క్ ఇచ్చాను. పెద్దగా ఆశ పెట్టుకోలేదు. ఒకమ్మాయి ఊరి నీళ్ల ట్యాంకు మీది బోర్డును ఉన్నదున్నట్టు నోటుబుక్కులోకి ఎక్కించుకొచ్చింది. ఫ్లోరైడ్ 0.9, తాగడానికి యోగ్యం. దాని కింద ఆమె రాసింది ఒకే వాక్యం: "పరీక్ష ఎప్పుడు చేసిండ్రో రాయలేదు."

అప్పటికి నాలుగేళ్లుగా నేను రోజూ ఆ బోర్డు ముందు నుంచే బండి మీద బడికి పోతున్నాను.