సిబిల్ స్కోరు దెబ్బతిన్నా బ్యాంకు ఖాతా ఇస్తారు

[బెంగళూరు, మారతహళ్లి. పొద్దున్నే టీ కొట్టు దగ్గర, కెమెరా వైపు చూస్తూ]

నమస్తే అండి. మా వీధిలో ఇళ్లల్లో పనిచేసే అక్క ఒకామె ఉంది. ఊరు కళ్యాణదుర్గం. జీతం డబ్బులు ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బా అడుగున పెడుతుంది. బ్యాంకులో వేసుకోవచ్చు కదక్కా అంటే, "ఫైనాన్స్ వాళ్ల కంతులు కట్టలేకపోయా, నాకెవరిస్తారమ్మా ఖాతా?" అంది.

నాకు చాలా బాధేసింది. సిబిల్ స్కోరు అంటే పాత అప్పులు ఎలా కట్టామో చెప్పే మార్కులు. అది చూసేది అప్పు ఇవ్వడానికి. మన డబ్బు మనం దాచుకోవడానికి దానితో పనే లేదు.

[తెరపై పెద్ద అక్షరాలు: బేసిక్ సేవింగ్స్ ఖాతా]

కౌంటర్ దగ్గర ఈ పేరే చెప్పండి. ఊరికే "ఖాతా కావాలి" అంటే మామూలు ఫారం చేతిలో పెట్టి, మినిమమ్ బ్యాలెన్స్ అడుగుతారు. అక్క ఒకసారి అలాగే వెనక్కి వచ్చేసిందట. బేసిక్ ఖాతా అందరికీ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2012లోనే చెప్పింది. ఖాతాలో సున్నా ఉన్నా ఫైన్ పడదు. ఏటీఎం కార్డుకు ఏడాది చార్జీ ఉండదు. డబ్బు ఎన్నిసార్లైనా వేయొచ్చు, నెలకు కనీసం 4 సార్లు ఉచితంగా తీయొచ్చు.

జన్‌ధన్ కూడా ఈ రకానిదే. దాని రూపే కార్డుకు ప్రమాద బీమా ఉంటుంది. 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన ఖాతాలకైతే 2 లక్షలు. కానీ ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఒక్కసారైనా కార్డు వాడి ఉండాలి. ఈ సంగతి ఇంట్లోవాళ్లకూ చెప్పి ఉంచండి.

[ఆధార్ కార్డు దగ్గరగా]

మనవాళ్ల అసలు టెన్షన్ ఇది. ఆధార్‌లో ఊరి అడ్రస్, ఉండేది ఇక్కడి అద్దె గదిలో. ఇప్పుడుంటున్న అడ్రస్ మీరే రాసి, సంతకం పెట్టి ఇవ్వొచ్చు. అగ్రిమెంట్ కోసం ఓనర్‌ని బతిమాలక్కర్లేదు.

ఏ కాగితమూ లేకపోతే ఫొటో, సంతకం లేదా వేలిముద్రతో చిన్న ఖాతా తెరుస్తారు. అందులో 50,000 మించి ఉంచలేరు, నెలకు 10,000 మించి తీయలేరు.

రెండు జాగ్రత్తలు. అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు. పాత బాకీ ఉన్న బ్యాంకులో తెరవకండి, వేసిన డబ్బును బాకీ కింద పట్టుకునే వీలుంది.

ఖాతా ఇవ్వడం కుదరదని బ్యాంకు అంటే, ముందు ఆ బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. 30 రోజుల్లో తేలకపోతే రిజర్వ్ బ్యాంకు నంబరు 14448. కన్నడ రాదని భయపడకండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.