వెస్ట్ బ్యాంక్ సెటిలర్ల హింసపై ఆంక్షలు: జాబితాలో ఎవరి పేరు ఉండాలి?

సభకు నమస్కారం.

నేను న్యాయవాదిని కాను, దౌత్యవేత్తను అసలే కాను. విశాఖపట్నంలో ఒక బ్యాంకు విదేశీ మారక విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. ఆంక్షలు అనే మాట పత్రికలు చదివేవారికి ఒక రకంగా అర్థమైతే, మా బల్లల దగ్గర కూర్చునేవారికి మరో రకంగా అర్థమవుతుంది. ఒకసారి మా రొయ్యల ఎగుమతిదారు ఒకరికి రావలసిన సొమ్ము న్యూయార్క్‌లోని మధ్యవర్తి బ్యాంకు దగ్గర ఆగిపోయింది. కొనుగోలుదారు సంస్థ డైరెక్టరు పేరు అమెరికా ఆంక్షల జాబితాలోని మరెవరి పేరుకో దగ్గరగా ఉండడమే కారణం. పాస్‌పోర్టు నకలు, పుట్టిన తేదీ, చిరునామా అన్నీ పంపి, ఇతను అతను కాడని రుజువు చేసేసరికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆ పెద్దాయన ఉదయం పది గంటలకల్లా వచ్చి నా ఎదుటి కుర్చీలో కూర్చునేవారు. చెరువుల రైతులకు ఇవ్వవలసిన బకాయిల చీటీ జేబులోంచి తీసి చూసుకుని మళ్లీ మడిచి పెట్టుకునేవారు. పేరు పోలికకే అంత బిగింపు ఉన్నప్పుడు, నిజంగా పేరెక్కినవాడికి ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అందువల్లనే, 2024 ఫిబ్రవరి 1న అమెరికా అధ్యక్షుడు బైడెన్ 14115 సంఖ్య గల ఉత్తర్వు జారీ చేసి, వెస్ట్ బ్యాంక్‌లో పాలస్తీనా పౌరులపై దాడులు చేసిన నలుగురు ఇజ్రాయెలీ సెటిలర్ల పేర్లను ఆ జాబితాలో చేర్చారన్న వార్త చదివినప్పుడు నేను చాలాసేపు దాని గురించే ఆలోచించాను. గొర్రెల మందతో కొండమీద ఉండే మనిషికీ న్యూయార్క్ బ్యాంకుకూ ఏమిటి సంబంధం? సంబంధం డాలరు. ప్రపంచంలో ఏ బ్యాంకైనా డాలర్లలో లావాదేవీ జరపాలంటే ఎక్కడో ఒకచోట అమెరికా బ్యాంకు గుమ్మం తొక్కక తప్పదు కాబట్టి, అమెరికా వద్దన్నవాడి ఖాతాను నడపడానికి ఇజ్రాయెల్ బ్యాంకులు కూడా సాహసించలేదు. రోజుల వ్యవధిలోనే ఖాతాలు స్తంభించాయి. ఇంటి ఖర్చుల మేరకు సడలింపు తరువాత వచ్చింది. సొంత దేశపు పోలీసులు అడ్డుచెప్పని పనికి పరాయి దేశపు ఖజానా అడ్డుచెప్పింది.

ఇక్కడ ఒక మాట. మన ప్రాంతంలో సెటిలర్ అంటే కోస్తా జిల్లాల నుంచి వచ్చి నిజాం ప్రాంతంలోనో, హైదరాబాదు చుట్టుపక్కలో భూమి కొనుక్కుని స్థిరపడినవారు. ఆ అర్థాన్ని దయచేసి పక్కన పెట్టండి. వెస్ట్ బ్యాంక్ 1967 జూన్ యుద్ధం నుంచి ఇజ్రాయెల్ సైనిక ఆక్రమణలో ఉన్న భూభాగం. ఆక్రమించిన రాజ్యం తన పౌరులను ఆక్రమిత ప్రాంతంలోకి తరలించకూడదని నాలుగవ జెనీవా ఒప్పందంలోని 49వ అధికరణం స్పష్టంగా నిషేధించింది. అయినా తూర్పు జెరూసలేంతో కలుపుకుని ఇప్పుడు సుమారు 7 లక్షల మంది ఇజ్రాయెలీలు అక్కడ నివసిస్తున్నారు; ఇక్కడ సెటిలర్లంటే వీరే. వీరందరూ కర్రలు పట్టుకుని తిరిగేవారని నేను అనడం లేదు. హింస చేసేవారు వారిలో కొద్దిమందే. కానీ ఆ కొద్దిమంది చేసే పని ఎవరికి ఉపయోగపడుతోందో చూడకుండా ఆంక్షల మంచిచెడ్డలు తేల్చలేము.

హెబ్రాన్‌కు దక్షిణాన ఉన్న కొండల్లో ఖిర్బెత్ జనూతా అనే చిన్న ఊరుంది. రాళ్లతో కట్టుకున్న ఇళ్లు, మేకలు, గొర్రెలు, వర్షాధారపు చేలు. సుమారు 250 మంది జనం. ఆ ఊరి పక్కన ఒక సెటిలర్ పశువుల క్షేత్రం వెలిసింది. ఇలాంటి క్షేత్రాల పద్ధతి మన పల్లెల్లో పుట్టి పెరిగినవారికి ఇట్టే అర్థమవుతుంది. ముందు చేలోకి మందను తోలుతారు. అడ్డం వెళితే కుక్కలను వదులుతారు. తరువాత నీళ్ల ట్యాంకు చిల్లుపడుతుంది, సోలార్ పలకలు పగులుతాయి, రాత్రిపూట తుపాకులతో వచ్చి వెళ్లిపొమ్మంటారు. 2023 అక్టోబరు 7న హమాస్ జరిపిన దాడిలో సుమారు 1,200 మంది చనిపోయిన తరువాత, ఆ దారుణంతో ఏ సంబంధమూ లేని ఈ కాపరుల మీద బెదిరింపులు ఎన్నో రెట్లు పెరిగాయి. సెటిలర్లలో చాలామందిని రిజర్వు సైనికులుగా పిలిచి యూనిఫారాలు, రైఫిళ్లు ఇచ్చారు. నిన్న మందను తోలిన మనిషే నేడు సైనికుడై వచ్చి నిలబడితే ఊరివాళ్లు ఎవరికి చెప్పుకుంటారు? ఆ నెల ఆఖరుకు జనూతా మొత్తం ఖాళీ అయింది. ఆ తరువాత వాళ్ల ఇళ్లను, ఐరోపా దేశాల సాయంతో నడిచిన పిల్లల బడిని కూల్చివేశారు.

ఈ హింసకు ఒక భూమి లెక్క ఉంది. నా దృష్టిలో అదే అసలు విషయం. 1858 నాటి ఒట్టోమాన్ భూచట్టం ప్రకారం, వరుసగా కొన్నేళ్లు సాగు చేయని కొన్ని రకాల భూములపై రైతు హక్కు కోల్పోతాడు. ఆ పాత చట్టాన్ని ఆధారం చేసుకుని ఇజ్రాయెల్ 1979 తరువాత పెద్దయెత్తున భూములను ప్రభుత్వ భూములుగా ప్రకటిస్తూ వచ్చింది; వాటిలో కేటాయించినవి దాదాపు అన్నీ సెటిలర్ల కాలనీలకే చేరాయి. ఇప్పుడు రెండింటినీ కలిపి చూడండి. భయపెట్టి చేనుకు పోనివ్వకుండా చేస్తే చేను బీడు పడుతుంది, బీడు పడితే హక్కు పోతుంది. కర్ర పట్టుకున్న కుర్రవాడికి ఈ లెక్క తెలియకపోవచ్చు, కానీ అతనికి ఆ స్థలం చూపించినవారికి తెలుసు.

మరి సొంత దేశపు న్యాయస్థానాలు ఉండగా ఇతర దేశాలు జోక్యం చేసుకోవడం ఎందుకు? యెష్ దీన్ అనే ఇజ్రాయెలీ మానవ హక్కుల సంస్థ 2005 నుంచి ఇలాంటి కేసుల పోలీసు దర్యాప్తులను వెంబడిస్తోంది. వారి లెక్కల ప్రకారం 2023 వరకు తేలిన కేసుల్లో సుమారు 94 శాతం అభియోగపత్రమే లేకుండా మూతపడ్డాయి. శిక్ష దాకా వెళ్లినవి 3 శాతం. ఒకే కొండమీద ఇద్దరు తగువులాడుకుంటే సెటిలర్‌కు ఇజ్రాయెల్ పౌర న్యాయస్థానం, పాలస్తీనీయుడికి సైనిక న్యాయస్థానం. 2024 నవంబరులో రక్షణ మంత్రి సెటిలర్లపై ముందస్తు నిర్బంధ ఉత్తర్వులను కూడా నిలిపివేశారు. పాలస్తీనీయులపై అవి యథాతథంగా కొనసాగాయి. కంచే చేను మేస్తున్నప్పుడు రైతు పొరుగూరి పెద్దల దగ్గరకు పోక ఏం చేస్తాడు?

2024లో బ్రిటన్, ఫ్రాన్స్, ఐరోపా యూనియన్, కెనడా, జపాన్, ఆస్ట్రేలియా వరుసగా తమ తమ జాబితాలు ప్రకటించాయి. ఆ జాబితాలు ఎంత పెరిగాయన్నది అలా ఉంచి, ఎటు పెరిగాయన్నది గమనించమని కోరుతున్నాను. ఫిబ్రవరిలో నలుగురు వ్యక్తులు. ఏప్రిల్‌లో, వారిలో ఇద్దరి కోసం ఇంటర్నెట్‌లో విరాళాలు పోగుచేసిన రెండు సంస్థలు. అందులో ఒకటి ఒక్క మనిషి కోసమే 1,40,000 డాలర్లు వసూలు చేసింది. ఆగస్టులో, కొండమీది క్షేత్రాలకు స్వచ్ఛంద కాపలాదారులను పంపే హషోమెర్ యోష్ అనే సంస్థ, దానితోపాటు ఒక కాలనీ భద్రతా సమన్వయాధికారి. అక్టోబరులో బ్రిటన్, నవంబరులో అమెరికా అమానా పేరు చేర్చాయి. అమానా 1970ల నుంచి వెస్ట్ బ్యాంక్‌లో ఇళ్లు కట్టి, అప్పులిచ్చి, కొత్త క్షేత్రాలను నిలబెడుతున్న పెద్ద సంస్థ. బ్యాంకులో పనిచేసినవాడిగా నాకు ఇక్కడే ఆశ కలిగింది. కర్ర పట్టినవాడి ఖాతాలో ఉండేది ఎంత? అతనికి ట్రాక్టరు, జనరేటరు, కంచె తీగ, నీటి గొట్టం ఎవరు ఇచ్చారో అక్కడికి చేరితేనే ఆంక్షకు అర్థం. ఆ పది నెలల్లో అమెరికా జాబితా మెట్టు మెట్టుగా అటువైపే ఎక్కింది.

2025 జనవరి 20న, పదవి చేపట్టిన తొలిరోజే అధ్యక్షుడు ట్రంప్ ఆ ఉత్తర్వును రద్దు చేశారు. పేర్లన్నీ ఒక్క సంతకంతో పోయాయి. అదే ఏడాది జూలై 28న దక్షిణ హెబ్రాన్ కొండల్లోని ఉమ్మల్ ఖైర్ అనే ఊళ్లో ఒక పాలస్తీనా ఉపాధ్యాయుడు తుపాకి గుండు తగిలి చనిపోయాడు. ఆ సమయంలో అక్కడ పిస్తోలు పేలుస్తూ వీడియోలో కనిపించిన వ్యక్తి, 2024 ఫిబ్రవరి నాటి మొట్టమొదటి జాబితాలోని నలుగురిలో ఒకరు. ఆత్మరక్షణకే కాల్చానని ఆయన వాదన. కోర్టు ఆయనను మొదట గృహ నిర్బంధంలో ఉంచి కొద్ది రోజులకే విడిచిపెట్టింది. చనిపోయిన మనిషి శరీరాన్ని మాత్రం సైన్యం పది రోజుల వరకూ కుటుంబానికి ఇవ్వలేదు. ఆంక్ష కొనసాగి ఉంటే ఆ గుండు ఆగేదని నేను చెప్పలేను, అంత తేలికైన మాట చెప్పడం ఆ కుటుంబం పట్ల మర్యాద కాదు. కానీ ఒక మనిషి ప్రమాదకరమని రాతపూర్వకంగా ప్రకటించిన రాజ్యం, ఏ కొత్త విచారణా లేకుండా ఆ రాతను చెరిపివేయడం ఆ కొండల మీద ఉన్నవారందరికీ ఏం చెప్పిందో ఊహించగలను.

నాకు మరింత బాధ కలిగించినది తరువాతి సంగతి. అదే ఆయుధాన్ని అమెరికా 2025లో ఎదురు తిప్పింది. ఫిబ్రవరిలో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుపై ఆంక్షలకు ఉత్తర్వు వచ్చింది, జూలైలో పాలస్తీనా ప్రాంతాలపై ఐక్యరాజ్యసమితి ప్రత్యేక నివేదకురాలు ఫ్రాన్సెస్కా అల్బనీస్ పేరు చేర్చారు, సెప్టెంబరులో అల్ హక్ వంటి పాలస్తీనా మానవ హక్కుల సంస్థలను చేర్చారు. చేలు తగలబెట్టినవారి పేర్లు తీసివేసి, తగలబడిన చేలను లెక్క రాసినవారి పేర్లు ఎక్కించారు.

అమెరికా తప్పుకున్నా మిగిలినవారు కొంత దూరం ముందుకే వెళ్లారు. 2025 మేలో బ్రిటన్ సెటిలర్ ఉద్యమ నాయకురాలు డేనియెలా వైస్‌పైన, ఆమె నడిపే నహాలా సంస్థపైన ఆంక్షలు పెట్టింది. జూన్ 10న బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, నార్వే కలిసి ఇద్దరు ఇజ్రాయెల్ మంత్రులపై, అంటే ఆర్థిక మంత్రి స్మోట్రిచ్, జాతీయ భద్రతా మంత్రి బెన్ గ్విర్‌లపై ఆంక్షలు ప్రకటించాయి. స్మోట్రిచ్ ఆర్థిక మంత్రి మాత్రమే కాదు. వెస్ట్ బ్యాంక్ కాలనీల పరిపాలనలో రక్షణ శాఖ అధికారాలు కూడా 2023 నుంచి ఆయన చేతిలో ఉన్నాయి. 2023 ఫిబ్రవరిలో ఇద్దరు ఇజ్రాయెలీ సోదరులను కాల్చి చంపిన తరువాత సెటిలర్ల గుంపు హువారా పట్టణంలో ఇళ్లూ కార్లూ తగలబెట్టినప్పుడు, ఆ పట్టణాన్ని రాజ్యమే తుడిచిపెట్టాలని అన్నది ఆయనే. తరువాత ఆ మాటకు విచారం తెలిపారు.

ఆంక్షలు ప్రకటించిన రోజే ఆయన ఇచ్చిన జవాబు బ్యాంకింగ్ తెలిసినవారికి వణుకు పుట్టించేది. పాలస్తీనా బ్యాంకులు ఇజ్రాయెల్‌తో, ఆ దేశపు కరెన్సీ షెకెల్‌లో జరిపే లావాదేవీలు హపోఆలిమ్, డిస్కౌంట్ అనే రెండు ఇజ్రాయెల్ బ్యాంకుల ద్వారా సాగుతాయి. ఆ రెండు బ్యాంకులకు చట్టపరమైన చిక్కులు రాకుండా ఆర్థిక మంత్రి ఎప్పటికప్పుడు ఒక హామీ పత్రం ఇస్తూ ఉండాలి. ఆ హామీని రద్దు చేయమని స్మోట్రిచ్ ఆ రోజే ఆదేశించారు. అది పూర్తిగా అమలైతే వెస్ట్ బ్యాంక్‌కు బియ్యం, పిండి, కరెంటు, పెట్రోలు కొనుక్కునే దారే మూసుకుపోతుంది. ఇద్దరు మంత్రుల విదేశీ ప్రయాణం ఆగినందుకు లక్షల మంది వంటిల్లు తాకట్టు. ఐదు దేశాలు కలిసి వేసిన దెబ్బకూ ఒక మంత్రి ఒక్క కాగితంతో వేయగలిగిన దెబ్బకూ ఎంత తేడా ఉందో చూడండి.

మన దేశం సంగతి చెప్పకుండా ముగించలేను. 2024 జూలై 19న అంతర్జాతీయ న్యాయస్థానం ఈ ఆక్రమణ చట్టవిరుద్ధమని అభిప్రాయం ప్రకటించింది. ఆ సెప్టెంబరు 18న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 124 ఓట్లతో ఒక తీర్మానం చేసి, సెటిలర్ల హింసకు సంబంధించిన వ్యక్తులపైన, సంస్థలపైన ప్రయాణ నిషేధాలు, ఆస్తుల స్తంభన విధించాలని సభ్యదేశాలను కోరింది. వ్యతిరేకించినవి 14. ఓటు వేయకుండా తటస్థంగా ఉన్న 43 దేశాల్లో మనమూ ఉన్నాం. ఏకపక్ష ఆంక్షలను అంగీకరించబోమన్నది మన ప్రభుత్వం ఎప్పుడూ చెప్పే మాట, దానిలో నిజాయితీ లేదని నేను అనను. 1990లలో ఇరాక్ దేశం మొత్తం మీద విధించిన ఆంక్షల వల్ల మందులు దొరకక అల్లాడిన పిల్లలను మా తరం మరచిపోలేదు. కానీ జెనీవా ఒప్పందాన్ని ఉల్లంఘించిన ఫలానా వ్యక్తి, ఫలానా సంస్థ ఖాతాను ఆపమన్నది ఏకపక్షం కాదు, సర్వప్రతినిధి సభే కోరింది. 1988లోనే పాలస్తీనాను గుర్తించిన దేశంగా, 2023 నవంబరులో కాలనీలను ఖండించే తీర్మానానికి అనుకూలంగా ఓటు వేసిన దేశంగా, ఈ ఓటు విషయంలో మనకు సందేహం ఎందుకు వచ్చిందో పార్లమెంటులో ఎవరైనా గట్టిగా అడగవలసింది.

2025 అక్టోబరులో, ఆలివ్ కోతల కాలంలో, ఐక్యరాజ్యసమితి మానవతా కార్యాలయం 260కి పైగా సెటిలర్ దాడులను నమోదు చేసింది. 2006లో లెక్కించడం మొదలుపెట్టిన తరువాత అప్పటివరకు ఒక్క నెలలో ఇన్ని ఎప్పుడూ లేవు. జాబితాలు ఉండగానే ఇది జరిగింది కాబట్టి ఆంక్షలు వృథా అనేవారున్నారు. అమెరికా అమానాను వదిలేసి, డాలరు తలుపు తెరిచేసిన తరువాత జరిగిందని నేను గుర్తుచేస్తాను.

జనూతా వాళ్లు ఇజ్రాయెల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. తిరిగి ఊరికి వెళ్లవచ్చని, పోలీసులు రక్షణ కల్పించాలని 2024 జూలైలో కోర్టు చెప్పింది. ఆగస్టులో కొన్ని కుటుంబాలు మందలతో సహా తిరిగివచ్చి, కప్పులు లేని గోడల మధ్య దిగాయి. కూలిన ఇళ్లు మళ్లీ కట్టుకోవడానికి అధికారులు అనుమతించలేదు. మందలతో సెటిలర్లు మళ్లీ వచ్చారు. కొద్ది వారాలకే చాలామంది రెండోసారి ఊరు విడిచారు.