పంతొమ్మిది రోజులు ఆగిపోయిన ఒక ఈమెయిల్

అందరికీ నమస్కారం. కుర్చీలో కూర్చుని వినడం కష్టంగా ఉంటే నిలబడండి, వెనక అటూ ఇటూ నడుస్తూ వినండి, నాకేమీ ఇబ్బంది లేదు. ఇక్కడికి వచ్చినవాళ్లలో చాలామందికి ఏడీహెచ్‌డీ ఉంది, అంటే ఏకాగ్రత నిలపడం, తొందరపాటును అదుపు చేసుకోవడం కష్టమయ్యే సమస్య. నాకూ ఉంది. నాకు 34 ఏళ్లు వచ్చాక తెలిసింది.

ముందు ఒక ఈమెయిల్ సంగతి చెబుతాను. ఆఫీసులో ఒకాయన నన్ను ఒక చిన్న వివరం అడిగారు, రెండు లైన్లు రాస్తే సరిపోయే జవాబు. మొదటి రోజు మర్చిపోయాను. మూడో రోజు గుర్తొచ్చింది గానీ, ‘ఇన్ని రోజులు ఏం చేస్తున్నాడు అనుకుంటారేమో’ అన్న ఆలోచన కూడా దానితోపాటే వచ్చింది. వారం గడిచేసరికి ఇన్‌బాక్స్‌లో ఆయన పేరు కనిపిస్తే చాలు, కడుపులో తిప్పినట్టు అయ్యేది, వెంటనే కంప్యూటర్‌లో వేరే విండో తెరిచేసేవాణ్ణి. అలా పంతొమ్మిది రోజులు. చివరికి ఆ జవాబు రాయడానికి నాకు పట్టింది నాలుగు నిమిషాలు.

అప్పటికి నా దగ్గర ప్లానర్ ఉంది, ఫోన్‌లో మూడు రకాల యాప్‌లు ఉన్నాయి, అలారాలు మోగుతూనే ఉన్నాయి. అవన్నీ ‘ఎప్పుడు చేయాలి’ అనే గుర్తుచేశాయి. నన్ను ఆపింది మాత్రం సిగ్గు. ఆ సిగ్గుకు ఏ అలారమూ పనిచేయదు. నేను ఇవాళ చెప్పాలనుకున్నది ఇదే: పని మొదలుపెట్టలేకపోవడం, మధ్యలో వదిలేయడం, ఆలస్యం చేయడం, వీటిని మనం టైమ్ సమస్యలుగా చూస్తాం గానీ, చాలాసార్లు వాటి అడుగున భయమో, విసుగో, సిగ్గో, కోపమో ఉంటుంది. దాన్ని పట్టించుకోకుండా ఎన్ని టైమ్‌టేబుళ్లు వేసుకున్నా రెండో వారానికి అవి మూలన పడతాయి.

ఈ మాట కొత్తదేమీ కాదు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టర్ ఇచ్చిన ఉపన్యాసాల్లో, తమను తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించి చెబుతూ వాళ్లకు వచ్చే విపరీతమైన కోపావేశాన్నీ ప్రస్తావించారు. తర్వాత యూటా విశ్వవిద్యాలయంలో పాల్ వెండర్ పెద్దవాళ్ల కోసం తయారుచేసిన లక్షణాల జాబితాలో త్వరగా మారే మూడ్, ముక్కు మీద కోపం, చిన్న ఒత్తిడికే చెదిరిపోవడం కూడా ఉన్నాయి. కానీ మానసిక సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు ఎక్కువగా వాడే డీఎస్ఎమ్ అనే పుస్తకంలో ముఖ్య లక్షణాలంటే ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం, తొందరపాటు, అంతే. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5 కూడా భావోద్వేగాలను పక్కన ఉండే విషయంగానే చూసింది. 17 ఏళ్లు నిండినవాళ్లకు ఐదు లక్షణాలు చాలని, అవి 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలని చెప్పింది గానీ, ఆ లెక్కలో కోపమూ లేదు, ఏడుపూ లేదు. అందుకే మనలో కొందరు ‘నాకు ఏడీహెచ్‌డీ ఉంది, అది సరే, మరి ఈ కోపం నా గుణమేనేమో’ అనుకుంటూ ఏళ్లు గడిపేస్తారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

రసెల్ బార్క్‌లీ అనే సైకాలజిస్టు 1997లో రాసిన ఒక సిద్ధాంతం నాకు బాగా పనికొచ్చింది. ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అంటే మనల్ని మనం నడిపించుకునే సామర్థ్యం అనుకోండి. దానికి మొదటి మెట్టు ఆగడం. ఏదైనా జరిగినప్పుడు వెంటనే స్పందించకుండా ఒక్క క్షణం ఆగగలిగితే, ఆ చిన్న ఖాళీలోనే గతంలో ఏమైందో గుర్తొస్తుంది, రేపు ఏమవుతుందో తోస్తుంది, మనతో మనం మాట్లాడుకుంటాం, వచ్చిన ఆవేశాన్ని కాస్త చల్లార్చుకుంటాం. మన మెదడులో ఆ ఖాళీ చిన్నది. అంటే ప్లాన్ చేసుకోలేకపోవడానికీ, మాట జారడానికీ మూలం ఒకటే. అందుకే ఇంట్లో గొడవపడిన రోజు ఆఫీసు పని కూడా ముందుకు కదలదు, మీరు గమనించే ఉంటారు.

మరి ఏం చేయాలి? ఆ ఖాళీ లోపల దొరకనప్పుడు బయట ఏర్పాటు చేసుకోవాలి. నేను కోపంలో ఉన్నప్పుడు కొత్తగా ఆలోచించలేను, కాబట్టి ప్రశాంతంగా ఉన్నప్పుడే ఒక వాక్యం తయారుచేసి పెట్టుకున్నాను: ‘దీని గురించి రేపు పొద్దున మాట్లాడదాం.’ ఎవరైనా నన్ను తప్పుపట్టినట్టు అనిపిస్తే ఈ వాక్యమే అంటాను, అంతకుమించి ఒక్క మాట మాట్లాడను. ‘ఇలా జరిగితే ఇలా చేస్తాను’ అని ముందే నిర్ణయించుకోవడం వల్ల అనుకున్న పని చేసే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్విట్జర్ అనే సైకాలజిస్టు పరిశోధనలు చూపించాయి. షరతు స్పష్టంగా ఉండాలి, అంతే. ‘ఇకమీదట ఓపికగా ఉంటాను’ అనుకోవడం వల్ల నాకు ఎప్పుడూ ఏమీ జరగలేదు.

రెండోది, పని దగ్గర ఆగిపోయినప్పుడు ‘ఎందుకు చేయట్లేదు’ అని తిట్టుకోవడం మానేసి, ‘ఇది చూస్తే నాకేం అనిపిస్తోంది’ అని కాగితం మీద ఒక్క మాట రాస్తాను. భయం. విసుగు. అవమానం. విసుగైతే పాటలు పెట్టుకుని చేస్తాను. భయమైతే ఎవరినైనా పక్కన కూర్చోమంటాను, వాళ్లు నాకు సాయం చేయనక్కర్లేదు, వాళ్ల పని వాళ్లు చేసుకుంటే చాలు. ఒకే గదిలో ఇంకో మనిషి ఉండటం వల్ల పని ఎందుకు కదులుతుందో నేను సరిగ్గా వివరించలేను గానీ, నా విషయంలో దీనంత బాగా పనిచేసింది ఇంకొకటి లేదు.

మందుల గురించి తప్పకుండా అడుగుతారు. మిథైల్‌ఫెనిడేట్, అటామాక్సెటిన్ లాంటివి మెదడులో డోపమైన్, నారడ్రినలిన్ అనే రసాయనాలు పనిచేసే తీరును మారుస్తాయి, చాలామందికి మేలు చేస్తాయి, నాకూ చేశాయి. ఏది, ఎంత అన్నది సైకియాట్రిస్టుతోనే తేల్చుకోండి. అయితే మందు ఆ ఖాళీని కాస్త పెద్దది చేస్తుంది, అక్కడ ఏం చేయాలో మాత్రం నేర్పదు. అందుకే సీబీటీ లాంటి థెరపీ, అంటే మన ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే చికిత్స, కూడా అవసరమవుతుంది. నిద్ర తక్కువైన రోజు ఇవేవీ సరిగా పనిచేయవన్నది కూడా గుర్తుంచుకోండి.

ఇంకొక్క మాట. మన కోపం వల్ల ఇంట్లోవాళ్లకు తగిలిన దెబ్బ నిజమైనది. ‘నాకు ఏడీహెచ్‌డీ ఉంది’ అన్నది కారణం చెబుతుంది, ఆ దెబ్బను మాన్పదు. ఏం చేశానో పేరు పెట్టి చెప్పి, క్షమించమని అడిగి, ఈసారి ఏం మారుస్తానో చెబితే ఎదుటివాళ్లకు కాస్త ఊరటగా ఉంటుంది.

సరే, ఇప్పుడు ప్రశ్నల ముందు పది నిమిషాలు తీసుకుందాం. మీ ఫోన్‌లో మీరు తప్పించుకు తిరుగుతున్న మెసేజ్ ఒకటి ఉంటుంది కదా, అది తెరవండి. ఆలస్యానికి కారణాలు రాయకండి, జవాబు మాత్రం రాయండి. ఎవరికీ చూపించక్కర్లేదు. నాకూ ఒకటుంది, ఆరు రోజుల నుంచి. నేనూ ఇక్కడే కూర్చుని రాస్తాను.