జూన్ 1న వేసిన పాలు మే నెల బిల్లులోకి ఎలా వెళ్లాయి? నా సమ్మర్ ఇంటర్న్‌షిప్ కథ

[తెర మీద: తెల్లారగట్ల ఒక ఇంటి గుమ్మం. సంచిలో రెండు పాల ప్యాకెట్లు. మూల గడియారం 5:10.]

ఈ ప్యాకెట్లు జూన్ 1న తెల్లవారి 5 గంటల 10 నిమిషాలకి వచ్చాయి. ఆ ఇంటివాళ్లు పాలు మొదలుపెట్టిందే ఆ రోజు. అయినా వాళ్లకి మే నెల బిల్లు వచ్చింది. ఎందుకొచ్చిందో కనిపెట్టి సరిచేయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది.

నమస్తే అండీ. మాది కాకినాడ. బీటెక్ మూడో ఏడాది అయ్యాక మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో ఎనిమిది వారాలు ఇంటర్న్‌గా చేశాను. ఇంటింటికీ పాలు వేయించే యాప్ వాళ్లది.

[తెర మీద: లింగంపల్లి స్టేషన్ బోర్డు, గౌతమీ ఎక్స్‌ప్రెస్.]

మొదటి వారం గురించి చెప్పుకోడానికి ఏమీ లేదు. ల్యాప్‌టాప్, పాస్‌వర్డులు, పర్మిషన్ల కోసం ఎదురుచూపులు. ఇబ్బంది పెట్టింది ఇంకోటి. టీమ్ లీడ్‌ని పేరు పెట్టి పిలవమన్నారు. చిన్నప్పట్నుంచీ 'సార్' అలవాటైన నోరు కదా, పేరు రాలేదు. రెండు రోజులు 'అదీ... అంటే...' అని నెట్టుకొచ్చి, చివరికి 'అన్నా' దగ్గర ఆగాను.

ఆ బిల్లు టికెట్, అంటే సరిచేయమని వచ్చిన ఫిర్యాదు, నాకిచ్చారు. 'చిన్నదే, చూడు' అన్నారు. చిన్నది అని ఎవరైనా అంటే ఇప్పుడు భయమేస్తుంది.

నా ల్యాప్‌టాప్‌లో నడిపితే లెక్క సరిగ్గానే వచ్చింది. సర్వర్‌లో మాత్రం తప్పు. కోడ్ అదే, డేటా అదే. మూడు రోజులు నా బుర్ర మీదే అనుమానం. నాలుగో రోజు రెండింట్లోనూ టైమ్ ఎంతైందో అడిగి చూశా.

[తెర మీద: రెండు గడియారాలు. ఎడమ: ఇండియా, జూన్ 1, తెల్లవారి 5:10. కుడి: యూటీసీ, మే 31, రాత్రి 11:40.]

సర్వర్లు మామూలుగా యూటీసీలో నడుస్తాయి, అంటే ప్రపంచమంతా కొలతగా పెట్టుకున్న, సున్నా డిగ్రీల రేఖాంశం దగ్గరి టైమ్. మన టైమ్‌కి లెక్క 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఆ గీత మా కాకినాడ పక్కనుంచే పోతుంది, సోషల్‌లో ఒక మార్కు ప్రశ్న. భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు. 82.5 ఇంటూ 4, మొత్తం 330 నిమిషాలు. అంటే ఐదున్నర గంటలు మనం ముందున్నాం. అందుకని మనకి అర్ధరాత్రి దాటినప్పట్నుంచి ఐదున్నర దాకా సర్వర్‌కి ఇంకా నిన్నే.

బట్టలమ్మే యాప్‌కి దీనివల్ల పెద్ద నష్టం ఉండదు. తెల్లవారి నాలుగింటికి చొక్కాలు ఎవరు కొంటారు? పాలవాళ్లకి అసలు వేళే అది.

మరి ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు పట్టుకోలేదు? నాకు బాగా నచ్చిన సంగతి ఇదే. ఇవాళ్టి ప్యాకెట్లు నిన్నటి లెక్కలోకి పోతే, రేపటివి ఇవాళ్టి లెక్కలోకి వస్తాయి. రోజువారీ మొత్తం దాదాపు సరిపోతుంది. తప్పు తప్పునే కప్పేసింది. నెల మారిన పొద్దున, అదీ కొత్త కస్టమర్ దగ్గర, బయటపడింది.

[తెర మీద: కోడ్‌లో ఒక్క లైను, '330' చుట్టూ ఎర్ర గీత.]

ఎగిరి గంతేసి, టైమ్‌కి 330 నిమిషాలు కలిపి పంపించా. టీమ్‌వాళ్లు నా కోడ్ చూసే రివ్యూలో పదకొండు కామెంట్లు. మొదటిది: '330 అంటే ఏంటి? ఆరు నెలల తర్వాత ఇది చదివేవాడికి ఎలా తెలుస్తుంది?' ఇంకోటి: 'రేపు దుబాయ్‌లో మొదలుపెడితే?' అక్కడ తేడా నాలుగు గంటలే. అమెరికాలోనైతే చాలాచోట్ల ఏడాదికి రెండుసార్లు గడియారం మారుస్తారు. మనం మార్చం కదా అనుకున్నా గానీ, రెండో ప్రపంచయుద్ధంలో 1942 నుంచి 1945 దాకా మన దేశమూ గడియారం ఒక గంట ముందుకి జరిపి, యూటీసీకి ఆరున్నర గంటలు ముందుంది. అందుకే అంకె రాయకూడదు, 'ఏషియా, కోల్‌కతా' అని టైమ్‌జోన్ పేరు రాయాలి. తేడా ఎంతన్నది లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్, చూసుకుంటుంది.

మొత్తం మీద మార్చింది మూడు లైన్లు.

[తెర మీద: కాకినాడలో ఇంటి వంటగది, పొయ్యి మీద పాలు.]

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, 'రెండు నెలలు ఏం చేశావురా?' అని.

'పాల ప్యాకెట్ల తేదీ సరిచేశానమ్మా.'

'దానికి హైదరాబాద్ దాకా ఎందుకురా? మన పాలబ్బాయి క్యాలెండర్ మీద గీత పెడతాడు, ఒక్కరోజూ తప్పలేదు.'