ఫారిన్ ఇంటర్న్‌తో బెంగళూరు వీకెండ్స్: నందిహిల్స్‌కి నా మార్కులు తక్కువే!

నమస్తే అండీ. మీ ఆఫీసులో విదేశం నుంచి ఇంటర్న్ ఎవరైనా దిగారా? దిగి ఉంటే, మొదటి వారంలోనే టీంలో ఎవరో ఒకరు "వీకెండ్ నందిహిల్స్ పోదాం" అని ఉంటారు. ఆ మాట మీరు మాత్రం అనకండి. ఎందుకో చెప్తాను.

ఈ వీడియోలో డ్రోన్ షాట్లు, రిసార్ట్ టూర్లు లేవు. కారు లేని మనిషి శుక్రవారం రాత్రి బయల్దేరి, తిరిగి తిరిగి, సోమవారం పొద్దున స్టాండప్ మీటింగ్‌కి నిద్రమొహంతో కాకుండా మామూలు మొహంతో కూర్చోవాలి. అందుకు ఏ ఊరు పనికొస్తుంది అన్నదే ఈ రివ్యూ.

మా టీంలోకి అక్టోబర్‌లో జర్మనీ అమ్మాయి వచ్చింది, ఫిబ్రవరి దాకా ఉంటుంది. అక్కడ చాలా ఇంజనీరింగ్ కోర్సుల్లో ఒక సెమిస్టర్ మొత్తం కంపెనీలో పని చేయాలట. పక్క టీంలో శ్రీలంక అబ్బాయి. నాది అనంతపురం, పైగా నోరు ఊరుకోదు కాబట్టి వీళ్ళను తిప్పే పని నా నెత్తిన పడింది.

ముందు ఊళ్ళో బతుకు సంగతి చెప్పి ట్రిప్పుల్లోకి వెళ్దాం. ట్రాఫిక్ గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? మా ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీ. 2025 ఆగస్టులో ఎల్లో లైన్ మెట్రో మొదలయ్యాక ఆర్వీ రోడ్డు దాకా వెళ్ళి, అక్కడ గ్రీన్ లైన్‌కి మారితే మెజెస్టిక్, అంటే ఊరి పెద్ద రైల్వేస్టేషన్, బస్టాండు ఉన్నచోటు. శుక్రవారం సాయంత్రం బ్యాగు తగిలించుకుని సిల్క్‌బోర్డు దగ్గర బస్సులో ఇరుక్కుపోయే టెన్షన్ తప్పింది.

అసలు తలనొప్పి డబ్బు కట్టడం. ఆ అమ్మాయి దగ్గర కార్డుంది, అందులో డబ్బుంది. కొబ్బరిబోండాల బండి దగ్గర కార్డేం చేసుకుంటాడు? మామూలు యూపీఐకి ఇక్కడి బ్యాంకు ఖాతా కావాలి. విదేశీయుల కోసం యూపీఐ వన్ వరల్డ్ అని ఒక వాలెట్ ఉంది, 2023లో జీ20 సమావేశాలప్పుడు తెచ్చారు. పాస్‌పోర్టు, వీసా చూపించి తీసుకోవచ్చు. మీ ఇంటర్న్‌కి మొదట చెప్పాల్సింది ఇదే. ఫిల్టర్ కాఫీ ఎక్కడ బాగుంటుందో వాళ్ళే కనుక్కుంటారు.

ఇంకోటి, అందరూ ఫారం సి అని పిలిచే కాగితం. విదేశీయులకు గది ఇచ్చినవాళ్ళు, పీజీ అయినా లాడ్జి అయినా, 24 గంటల్లో వాళ్ళ వివరాలు ఆన్‌లైన్లో ఎక్కించాలి. పెద్ద పనేం కాదు. కానీ ఆ పేరు చెప్పగానే చాలామంది చేతులెత్తేస్తారు. హంపి దగ్గర హొసపేటలో ఒక లాడ్జికి పొద్దున్నే వెళ్ళాం. కౌంటర్ దగ్గర అబ్బాయి ఆన్‌లైన్ బుకింగ్ చూశాడు, పాస్‌పోర్టు చూశాడు, తర్వాత నావైపు తిరిగి చక్కటి తెలుగులో, "మీకైతే ఇస్తాం మేడమ్, ఆ మేడమ్‌కి కుదరదు" అన్నాడు. అడ్వాన్సు వెనక్కి రావడానికి ఇంకో అరగంట వాదన. అందుకే చెప్తున్నా, బుక్ చేసే ముందు ఫోన్ చేసి "ఫారినర్ ఉన్నారు, ఫారం సి నింపుతారా?" అని ఒక్క మాట అడగండి.

ఇక మార్కులు. నందిహిల్స్, పదికి నాలుగు. ఎత్తు 1,478 మీటర్లు, ఊరికి దగ్గర, గాలి బాగుంటుంది, కాదనను. కానీ శనివారం తెల్లవారుజామున నిద్ర మానుకుని వెళ్తే కనిపించేది ముందు బండి టెయిల్ లైటు. పైన పొగమంచులో పది సెల్ఫీ స్టిక్కులు. ఆల్ప్స్ చూసి పెరిగిన పిల్లకి మబ్బులు చూపించి మనం మురిసిపోవడం ఏమిటండీ! పాపం, మర్యాదకి "నైస్" అంది.

మైసూరుకి ఏడు. ఆదివారం వెళ్ళండి, రాత్రి ఏడింటికి ప్యాలెస్ లైట్లు వెలుగుతాయి, చూసుకుని రైలెక్కేయండి. అంతే.

హంపికి తొమ్మిది. రాత్రి మెజెస్టిక్‌లో హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే హొసపేట, అక్కడి నుంచి 13 కిలోమీటర్లు ఆటోలో. విఠ్ఠలాలయం టికెట్ మనకు 40 రూపాయలు, విదేశీయులకు 600. ఇక్కడే తమాషా జరిగింది. సార్క్, బిమ్‌స్టెక్ అనే చుట్టుపక్కల దేశాల కూటముల వాళ్ళకు కూడా మన రేటే. శ్రీలంక అబ్బాయి 40 కట్టి దర్జాగా లోపలికి నడిచాడు, జర్మనీ అమ్మాయి 600 కట్టి అతని వంక గుర్రుగా చూసింది. ఆ టికెట్ పారేయొద్దు. అదే రోజు కమలమహల్ ఆవరణకు, ఏనుగుల సాలకు కూడా చెల్లుతుంది. విఠ్ఠలాలయానికీ వీటికీ మధ్య దూరం ఉంది కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టండి. ఒక్క మార్కు ఎందుకు తీశానంటే, రెండు రోజుల్లో హంపి చూడటమంటే పరుగే.

నా పదికి పది మాత్రం లేపాక్షికి. మా జిల్లా వైపని మొగ్గు అనుకుంటారేమో, అనుకోండి. బెంగళూరు నుంచి 120 కిలోమీటర్లు. రైలెక్కితే రెండు గంటలకు అటూ ఇటూగా హిందూపురం. స్టేషన్ బయట బొరుగుల ఉగ్గాని, పైన మిరపకాయ బజ్జీ. ఆ అమ్మాయి బజ్జీ కొరికింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా ఇంకోటి అడిగింది. అక్కడి నుంచి బస్సులో పద్నాలుగు పదిహేను కిలోమీటర్లు.

వీరభద్రాలయంలో వేలాడే స్తంభం దగ్గర అందరూ కింద నుంచి తువ్వాలు లాగి, ఫోటో దిగి పోతారు. ఈ అమ్మాయి చదివేది మెకానికల్. చెంప నేలకి ఆనించి పడుకుని, ఫోన్ టార్చ్ కొట్టి, ఆ సందులోకి చూస్తూ ఉండిపోయింది. వెనక లైను పెరుగుతోంది, పూజారిగారు నవ్వుతున్నారు. లేచి మాతో అన్నది ఒక్కటే: "అయితే బరువు ఎవరు మోస్తున్నారు?" పక్క స్తంభాలు, పైన దూలాలు చూపించి తనూ శ్రీలంక అబ్బాయీ గంటసేపు లెక్కలేసుకున్నారు. నేను వెళ్ళి నాగలింగం నీడలో కూర్చున్నా.

తర్వాత పైకప్పు చూడండి. 16వ శతాబ్దపు విజయనగర చిత్రాలు. రంగు చాలాచోట్ల వెలిసింది. కానీ ఆ బొమ్మల్లోని ఆడవాళ్ళు కట్టుకున్న చీరల మీద చారలు, గళ్ళు, అంచులు ఇంకా విడివిడిగా కనిపిస్తాయి. మెడ నొప్పి పుట్టేదాకా చూడొచ్చు. గుడికి టికెట్ లేదు, తోపులాట లేదు, బయట పెద్ద నంది దగ్గర పచ్చిక మీద కూర్చుంటే పొమ్మనేవాళ్ళు లేరు. సాయంత్రం రైలుకి తిరిగొస్తే ఆదివారం మొత్తం మిగులుతుంది. బట్టలు ఉతుక్కోవచ్చు.

గండికోటకు ఎనిమిది, అదీ లాంగ్ వీకెండ్ అయితేనే. 280 కిలోమీటర్ల దాకా ఉంది, జమ్మలమడుగు నుంచి ఆటో మాట్లాడుకోవాలి. పెన్నా లోయ అంచున చాలాచోట్ల రైలింగ్ ఉండదు. చీకటి పడ్డాక ఆ బండల మీదకు ఎవ్వరినీ పోనివ్వకండి. రిపబ్లిక్ డే సెలవు వారాంతానికి కలిసొస్తే ప్లాన్ చేయండి. సంక్రాంతి వారం మాత్రం వద్దే వద్దు. ఆ వారం బెంగళూరులో ఉన్న మన వాళ్ళంతా మెజెస్టిక్‌లోనే ఉంటారు, సీటు దొరకదు.